ఆందోళన, నిద్రలేమికి మందులు: ఏది ఎందుకు, ఎంతకాలం?

ఉన్నట్టుండి గుండె దడదడలాడడం, ఊపిరి అందకపోవడం, ఒళ్ళంతా చెమటలు పట్టడం, చేతులూ పెదవులూ తిమ్మిరెక్కడం, ఇక ప్రాణం పోతుందేమోనన్న భయం. కొద్ది నిమిషాల్లోనే తీవ్రస్థాయికి చేరి, చాలామందిలో అరగంట గడిచేసరికి దానంతటదే సద్దుమణిగే ఈ స్థితిని వైద్యులు పానిక్ ఎటాక్ అంటారు. దీనికి లోనైనవారిలో చాలామంది మొదట పరుగెత్తేది గుండె వైద్యుని వద్దకు. ఈసీజీలో దోషమేమీ కనిపించదు. గ్యాస్ అనో, నరాల బలహీనత అనో చెప్పించుకుని ఇంటికి తిరిగివస్తారు. పల్లెల్లోనైతే గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ తాయెత్తుల దాకా పోతుంది. చివరకు తెలిసినవారెవరో ఒక చిన్న మాత్రను సగం విరిచి చేతిలో పెడతారు. గంట తిరక్కుండానే దడ తగ్గుతుంది. ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుంది.

చిక్కు మొదలయ్యేది అక్కడే. ఆ మాత్ర పనిచేయదని కాదు, ఎంతో బాగా పనిచేస్తుంది. అయితే ఆ పూటకు శాంతింపజేసే మందు వేరు, జబ్బును అదుపులోకి తెచ్చే మందు వేరు. ఈ తేడా తెలియని కారణంగానే ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని ఏళ్ళ తరబడి మందుల దుకాణం మెట్లెక్కేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. నాలుగు వారాలకని మొదలుపెట్టిన మందు నాలుగేళ్ళయినా ఆగదు. ఆపుదామని ప్రయత్నిస్తే వచ్చే బాధను జబ్బు ముదిరిందనుకుని మళ్ళీ అదే మాత్ర వేసుకుంటారు.

మాత్రకు ముందు పరీక్షలు

ఆందోళనలా కనిపించేదంతా ఆందోళన కాదు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. తీవ్రమైన రక్తహీనత, గుండె లయ తప్పడం, ఉబ్బసం, మధుమేహానికి మందులు వాడేవారిలో చక్కెర పడిపోవడం కూడా ఇవే లక్షణాలను చూపిస్తాయి. రోజూ మద్యం తాగేవారు ఒక పూట మానేసినప్పుడు కలిగే వణుకూ ఈ కోవలోనిదే. ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు, స్టెరాయిడ్లు, రోజుకు ఆరేడు కప్పుల టీ, కాఫీ సైతం దడ పుట్టించగలవు. అందువల్ల మొదటిసారి ఇటువంటి స్థితి ఎదురైనప్పుడు ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకోవడం వృథా ఖర్చు కాదు. నలభై దాటినవారికి ఛాతీలో నొప్పి వస్తే అది గుండెనొప్పి కాదని తేలేవరకు గుండెనొప్పిగానే భావించాలి. ఒకసారి పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయని తేలిన తరువాత మాత్రం నెలకొక ఆసుపత్రి మార్చి అవే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అది కూడా ఈ జబ్బు లక్షణమే.

శరీరంలో ఏ లోపమూ లేదని తేలితే బాధ కల్పితమని అర్థం కాదు. ప్రమాదం లేనప్పుడు కూడా మెదడులోని ప్రమాద హెచ్చరిక వ్యవస్థ మోగిపోవడమే ఈ జబ్బు. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గానీ, తెలంగాణ గానీ లేవు.

వెంటనే శాంతింపజేసే బిళ్ళ

జనం నోట నిద్రబిళ్ళగా, నరాల బిళ్ళగా, టెన్షన్ మాత్రగా వినిపించేవన్నీ దాదాపుగా బెంజోడయాజెపిన్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఆల్ప్రాజోలం, క్లోనాజెపాం, లోరాజెపాం, డయాజెపాం, నైట్రాజెపాం ఇందులో ముఖ్యమైనవి. మన దేశంలో విరివిగా రాసే ఎటిజోలం రసాయన నిర్మాణంలో కొద్దిగా వేరైనా పనితీరులో వీటి సోదరే. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే సహజ రసాయనం ప్రభావాన్ని ఇవి పెంచుతాయి. అందుకే అరగంట, గంటలోపే భయం తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, మగత కమ్ముతుంది.

ఈ కుటుంబంలో మొదటిదైన క్లోర్‌డయాజెపాక్సైడ్‌ను హాఫ్‌మన్ లా రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్నారు. అది 1960లోనూ, డయాజెపాం 1963లోనూ విపణిలోకి వచ్చాయి. అంతకుముందు వాడుకలో ఉన్న బార్బిచ్యురేట్లు మోతాదు కాస్త మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే కొత్త మందులు ఎంతో సురక్షితమని వైద్యలోకం సంబరపడింది. అలవాటుగా మారతాయన్న సంగతి గుర్తించడానికి ఇంచుమించు రెండు దశాబ్దాలు పట్టింది. 1988లో బ్రిటన్‌లోని మందుల భద్రతా సంఘం వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడరాదని వైద్యులకు సూచించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ మందులన్నిటిపైనా దుర్వినియోగం, వ్యసనం, ఆపినప్పుడు కలిగే ముప్పు గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది.

వీటిలో ఆల్ప్రాజోలం విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది త్వరగా పనిచేస్తుంది, త్వరగానే దిగిపోతుంది. ఒక మోతాదులో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 11 గంటలు పడుతుంది. క్లోనాజెపాంకు 30 నుంచి 40 గంటలు పడుతుంది, డయాజెపాం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రి ఆల్ప్రాజోలం వేసుకున్న వ్యక్తికి కొన్ని వారాలు గడిచాక తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె దడ మొదలవుతుంటే, అది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. మందు దిగిపోతున్న సంకేతం కావచ్చు. ఈ సంగతి తెలియనివారు ఉదయం మరో మాత్ర మొదలుపెడతారు. ఒకటి రెండవుతుంది, రెండు మూడవుతాయి.

మాత్ర చిన్నది కాబట్టి మందు కూడా చిన్నదేనన్న భ్రమ మరొకటి. అర మిల్లీగ్రాము అనగానే ఏముందిలే అనిపిస్తుంది. ఈ మందులను మాన్పించడంపై బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో 1982 నుంచి 1994 వరకు ప్రత్యేక వైద్యశాల నడిపిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ లెక్క ప్రకారం అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలం సుమారు 10 మిల్లీగ్రాముల డయాజెపాంకు సమానం.

అలాగని వీటిని విషంగా చూడనక్కరలేదు. తీవ్రమైన దాడులతో మనిషి ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నప్పుడు, అసలు మందు పనిచేయడం మొదలయ్యేలోగా రెండు మూడు వారాలు ఆసరాగా ఇవ్వడం సరైన వైద్యమే. మూర్ఛ ఆగనప్పుడు, మద్యం మానిపించే చికిత్సలో, శస్త్రచికిత్సకు ముందు వీటి అవసరం ఉంది. ఎంతకాలమన్నది మొదటిరోజే తేల్చుకోకపోవడమే అనర్థాలకు మూలం.

నిదానంగా పనిచేసేవే అసలు చికిత్స

పానిక్ జబ్బుకు, నిరంతరాయంగా వేధించే ఆందోళనకు, నలుగురిలో మాట్లాడాలంటే కలిగే తీవ్ర భయానికి నేడు ప్రపంచమంతటా మొదటగా వాడే మందులు సెరటోనిన్‌పై పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ తరగతికి చెందినవి. ఎసిటలోప్రాం, సెర్‌ట్రలిన్, పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ ఇందులోవి. వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ వీటికి దగ్గరి తరగతివి. వీటిని దిగులు జబ్బుకు కూడా వాడతారు. చీటీ చూసి ఇంటర్నెట్‌లో వెతికిన బంధువు ‘ఇది డిప్రెషన్ మందు, నీకెందుకు?’ అని ఆపించడం తరచుగా జరిగే పొరపాటు. ఒకే మందు రెండు జబ్బులకూ పనిచేస్తుందన్నదే అసలు విషయం.

ఈ మందులకు రెండు గుణాలున్నాయి. మొదటిది, ఫలితం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండవది, ఫలితానికంటే ముందు ఇబ్బందులు వస్తాయి. మొదటి వారం, పది రోజుల్లో వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెదరడం, కొందరిలో ఆందోళన మరింత పెరగడం మామూలే. పానిక్ జబ్బు ఉన్నవారు గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా హడలిపోతారు కాబట్టి వారిలో చాలామంది మూడో రోజుకే మందు పడలేదని మానేస్తారు. ఈ కారణంగానే అనుభవజ్ఞులైన వైద్యులు ఎసిటలోప్రాం అయితే 5 మిల్లీగ్రాములతోనూ, సెర్‌ట్రలిన్ అయితే 25 మిల్లీగ్రాములతోనూ మొదలుపెట్టి, వారం పది రోజులకు మోతాదు పెంచుతారు. మొదటి పది రోజుల గురించి వైద్యుడు రెండు నిమిషాలు వివరిస్తే సగం మంది చికిత్స నిలబడుతుంది. కిటకిటలాడే ఓపీలో ఆ రెండు నిమిషాలే కరువు.

గుణం కనిపించగానే ఆపకూడదు. లక్షణాలు పూర్తిగా తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు, సాధారణంగా ఏడాది పాటు కొనసాగించాలి. ఆపేటప్పుడు క్రమంగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే, ముఖ్యంగా పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ విషయంలో, తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్లు అనిపించడం జరుగుతుంది. ఈ మందులు మత్తునివ్వవు, వేసుకున్నకొద్దీ మోతాదు పెంచాలన్న తపన కలిగించవు. కనుక వీటిని నిద్రబిళ్ళల గాటన కట్టడం సరికాదు.

దుష్ఫలితాలు లేవని చెప్పడమూ సరికాదు. లైంగిక ఆసక్తి తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం చాలామందిలో ఉంటుంది. సిగ్గుతో వైద్యునికి చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. మోతాదు సవరించడం, మందు మార్చడం వంటి మార్గాలున్నాయి. వృద్ధుల్లో రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, నొప్పి మాత్రలతో కలిపి వాడితే జీర్ణకోశంలో రక్తస్రావానికి అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ వంటి నొప్పి మందులతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి జ్వరం, వణుకు, అయోమయం కలగవచ్చు. 25 ఏళ్ళలోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉంది. ఇంట్లోవారు కనిపెట్టుకుని ఉండాలి.

ఒకే మాత్రలో రెండు మందులు

మన దేశంలో మాత్రమే ఇంత విరివిగా కనిపించే అలవాటు ఒకటుంది. 10 మిల్లీగ్రాముల ఎసిటలోప్రాం, అర మిల్లీగ్రాము క్లోనాజెపాం కలిపి ఒకే మాత్రగా తయారుచేసి అమ్ముతున్నారు. మొదటి రోజు నుంచే హాయిగా ఉంటుంది కాబట్టి రోగికీ ఇష్టమే, చీటీలో ఒక్క పేరు రాస్తే సరిపోతుంది కాబట్టి వైద్యునికీ సులువే. కానీ అందులో ఒక మందును ఏడాది వాడాలి, రెండవదాన్ని నెలలోపు ఆపాలి. రెండూ ఒకే బిళ్ళలో ఉన్నప్పుడు ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తగ్గించడం ఎలా? ఫలితంగా ఏడాది పాటు క్లోనాజెపాం కూడా లోపలికి పోతుంది. అటుపై విసుగెత్తి మాత్ర ఆపేస్తే రెండు మందుల బాధలూ ఒకేసారి మీద పడతాయి. అట్ట వెనుక రాసివున్న మందుల పేర్లు చదివి, రెండు పేర్లు కనిపిస్తే ‘ఈ రెండింటినీ వేర్వేరుగా రాయండి’ అని వైద్యుణ్ణి అడగడం రోగి హక్కు. ఆల్ప్రాజోలం, ప్రొప్రనలాల్ కలిపిన మాత్రల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

ప్రొప్రనలాల్ గురించి ఒక మాట. ఇది భయాన్ని తగ్గించదు, భయం వల్ల కలిగే గుండె దడనూ చేతుల వణుకునూ తగ్గిస్తుంది. ఇంటర్వ్యూకు, వేదిక ఎక్కడానికి ముందు వేసుకోవడానికి కొందరికి రాస్తారు. ఉబ్బసం ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు. బస్పిరోన్ అనే మందు అలవాటు చేయదు గానీ నిదానంగా పనిచేస్తుంది. పానిక్ దాడులకు పెద్దగా ఉపయోగపడదు. దురదకు వాడే హైడ్రాక్సిజైన్‌ను కొద్దిరోజుల ఆందోళనకు ఇస్తారు. నరాల నొప్పులకు రాసే ప్రిగాబలిన్‌కు ఐరోపాలో ఆందోళన చికిత్సకూ అనుమతి ఉంది, అయితే దానికీ అలవాటుపడే గుణం ఉంది. ఇమిప్రమైన్, అమిట్రిప్టిలిన్ వంటి పాత మందులు చవక, శక్తిమంతం. మోతాదు మించితే గుండెను దెబ్బతీస్తాయి. అందుకే ఆత్మహత్య ఆలోచనలున్న ఇంట్లో నెలకు సరిపడా నిల్వ ఉంచడం మంచిది కాదు.

నిద్ర పట్టనివారికి

నిద్రలేమికి మందు రాయడానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు అనేకం. గురక ఉందా? గురకతో పాటు మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే అది స్లీప్ ఆప్నియా. అటువంటివారికి నిద్రబిళ్ళ ఇస్తే ఊపిరి ఆగే వ్యవధి పెరగవచ్చు. కాళ్ళలో చెప్పలేని గుంజుడుతో పడుకోలేకపోతున్నారా? ఇనుము లోపం ఉందేమో చూడాలి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి బతుకు మీద విరక్తి కలుగుతోందా? అది దిగులు జబ్బు కావచ్చు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారా? చక్కెర, ప్రోస్టేట్ చూడాలి. కారణాన్ని వదిలి నిద్రను మాత్రమే కొనుక్కుంటే కారణం అలాగే ఉంటుంది.

నిద్రకు నేడు ఎక్కువగా రాసే జోల్పిడెం బెంజోడయాజెపిన్ కాకపోయినా పనిచేసే చోటు మాత్రం అదే. పడక మీదకు చేరిన తరువాతే వేసుకోవాలి, వేసుకున్నాక కనీసం ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. స్త్రీల శరీరం నుంచి ఇది నెమ్మదిగా పోతుందని గుర్తించి 2013లో అమెరికా నియంత్రణ సంస్థ వారికి మామూలు మాత్ర మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, వాహనం నడపడం వంటి సంఘటనల్లో ప్రాణాలు పోవడంతో 2019లో తీవ్ర హెచ్చరిక చేర్చింది. ఉదయం ఐదింటికే బండి తీయవలసిన ఆటో, లారీ డ్రైవర్లకు ఈ మందు తగదు.

మెలటోనిన్ నిద్ర వేళను సవరిస్తుంది. రాత్రి విధుల్లో ఉండేవారికి, దేశాలు మారి ప్రయాణించేవారికి కొంత ఉపకరిస్తుంది, మొండి నిద్రలేమికి దాని ప్రభావం స్వల్పమే. జలుబు, అలర్జీ మాత్రలను నిద్రకోసం వేసుకునే అలవాటు వృద్ధుల్లో మూత్రం బిగదీయడానికి, మతిమరుపుకు, అయోమయానికి దారితీస్తుంది. తీవ్ర మానసిక వ్యాధులకు వాడే క్వెటియాపిన్‌ను కేవలం నిద్రకోసం రాయడం కనిపిస్తోంది. బరువు, చక్కెర పెంచే ఆ మందుకు ఆ పని అప్పగించడం సమంజసం కాదు. రాత్రి ఒక పెగ్గు వేసుకుంటే నిద్ర పడుతుందన్నది నిజమే. రెండు మూడు గంటల తరువాత ఆ నిద్రే తునాతునకలవుతుందన్నదీ అంతే నిజం.

దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదని, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే సీబీటీ చికిత్స అని అమెరికా వైద్యుల సంఘం 2016లో ప్రకటించింది. పేరు పెద్దదే గానీ అందులో ఇంట్లో చేయదగినవి చాలా ఉన్నాయి. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవాలి. నిద్ర వస్తేనే మంచం ఎక్కాలి. ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే లేచి మరో గదిలోనో వరండాలోనో కూర్చుని మళ్ళీ కునుకు వచ్చినప్పుడే రావాలి. మంచం మీద టీవీ, సెల్‌ఫోన్, లెక్కలు, తగాదాలు పెట్టుకోకూడదు. మధ్యాహ్నం కునుకు మానాలి. మొదటి పది రోజులు కష్టంగా ఉంటుంది, పగలు తూలుతుంది. ఆ తరువాత ఫలితం కనిపిస్తుంది. మాత్రలా మానగానే పోయే ఫలితం కాదిది. పానిక్ దాడులకూ ఇటువంటి చికిత్సే ఉంది. దడ వచ్చినప్పుడు పారిపోకుండా నిలబడి, అది దానంతటదే దిగిపోవడాన్ని గమనించేలా శిక్షణ ఇస్తారు. జిల్లాల్లో ఈ శిక్షణ ఇవ్వగల మనస్తత్వ నిపుణులు తక్కువ. మాత్రల వాడకం ఇంతగా పెరగడానికి అదీ ఒక కారణం.

వృద్ధులు, గర్భిణులు, మద్యం తాగేవారు

అరవై ఐదేళ్ళు దాటినవారికి బెంజోడయాజెపిన్లు, జోల్పిడెం వాడకపోవడమే మంచిదని అమెరికా వృద్ధ వైద్యుల సంఘం జాబితా చెబుతోంది. రాత్రి మూత్రానికి లేచి తూలిపడి తుంటి ఎముక విరగడం, మరుసటి రోజంతా మందకొడిగా, మతిమరుపుగా ఉండడం ఇందుకు కారణాలు. పెద్దాయనకు మతి తప్పిందని వైద్యుల చుట్టూ తిప్పే కుటుంబాలు ముందు ఆయన దిండు కింద ఏ మాత్రలున్నాయో చూడాలి. గర్భం దాల్చినవారు, పాలిచ్చే తల్లులు తమంతట తాము మందు ఆపడమూ, కొనసాగించడమూ రెండూ ప్రమాదమే. వైద్యుని నిర్ణయం అవసరం. మద్యం, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందులతో నిద్రబిళ్ళ కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

తెలంగాణ జిల్లాలకు మరో ముప్పు తోడైంది. చెట్టు కల్లు చాలని చోట మత్తు కోసం అందులో ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తరువాత డయాజెపాం, ఆల్ప్రాజోలం పొడి కలుపుతున్నట్టు ఆబ్కారీ దాడుల్లో పలుమార్లు బయటపడింది. తాగేవారికి తాము రోజూ బెంజోడయాజెపిన్ తీసుకుంటున్నామన్న సంగతే తెలియదు. దుకాణం మూతపడిన మూడోనాటికి నిద్ర పట్టక, ఒళ్ళు వణికి, లేనివి కనిపించి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రికి చేరుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన రోజుల్లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటివారు పెద్దసంఖ్యలో వచ్చారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. రోజూ కల్లు తాగే వ్యక్తి నిద్రలేమి అంటూ వస్తే ఆ అలవాటు సంగతి వైద్యునికి చెప్పి తీరాలి. దాపరికం వల్ల నష్టపోయేది రోగే.

చట్టం ఏమంటోంది?

ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్, నైట్రాజెపాం, జోల్పిడెం వంటివి 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. వీటిని రిజిస్టరైన వైద్యుని చీటీపైనే అమ్మాలి. రాసిన వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చిందీ ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. అట్టపై ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా వచ్చే మందులపై ఎన్ఆర్ఎక్స్ అన్న గుర్తు కనిపిస్తుంది. ఆచరణలో ఐదేళ్ళనాటి నలిగిపోయిన చీటీకి, కొన్నిచోట్ల ఖాళీ అట్టకే మందు చేతిలో పడుతోంది. డిగ్రీ లేని ఆర్ఎంపీ వీటిని రాయడానికి చట్టం ఒప్పుకోదు. దుకాణదారు నిక్కచ్చిగా చీటీ అడిగితే కోపగించుకునే వినియోగదారులూ ఉన్నారు, వారి వల్ల నిజాయితీగా దుకాణం నడిపేవారు బేరం పోగొట్టుకుంటున్నారు.

ఏళ్ళుగా వాడుతున్నవారు ఏం చేయాలి?

ఈ వ్యాసం చదివి రేపటి నుంచి మాత్ర ఆపేద్దామనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన నిర్ణయం. కొన్ని నెలలకు మించి రోజూ వాడినవారు బెంజోడయాజెపిన్‌ను ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, రోజుల తరబడి నిద్రలేమి, వణుకు, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం, భ్రాంతులు, ఫిట్స్ రావచ్చు. మరణాలూ సంభవించాయి. అమెరికాలోని వ్యసన వైద్యుల సంఘం తదితర సంస్థలు 2025లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం మొదట మోతాదులో 5 నుంచి 10 శాతాన్ని రెండు నుంచి నాలుగు వారాలకొకసారి తగ్గించాలి. సాధారణంగా రెండు వారాల్లో 25 శాతానికి మించి తగ్గించరాదు. ఈ లెక్కన ఏళ్ళ అలవాటు వదలడానికి నెలలు, ఒక్కొక్కరికి ఏడాది పైగా పడుతుంది. ఆల్ప్రాజోలంను అదే స్థాయి డయాజెపాంకో క్లోనాజెపాంకో మార్చి, ఆపై తగ్గించే పద్ధతినీ కొందరు వైద్యులు అనుసరిస్తారు. తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు ఇబ్బంది ఉండవచ్చు. ఆ దశలో మోతాదును అక్కడే నిలిపి కుదుటపడ్డాక ముందుకు సాగాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, మద్యం కూడా తాగేవారు ఇంట్లో ఈ ప్రయత్నం చేయరాదు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ నడుస్తుంది. ఎసిటలోప్రాం వంటి మందులు జన్ ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా అందుబాటులో ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు కలుగుతున్నవారు ఓపీ వేళల కోసం ఎదురుచూడకుండా ఈ నంబరుకు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు పాత చీటీలతో పాటు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, నొప్పి మాత్రలు, దగ్గు మందులు, ఆయుర్వేద చూర్ణాలు సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళాలి. రోజుకు నిజంగా ఎన్ని వేసుకుంటున్నదీ చెప్పాలి. రెండు అని చెప్పి నాలుగు వాడేవారికి రెండింటి లెక్కన తగ్గింపు మొదలుపెడితే మొదటి వారంలోనే ఫిట్స్ రావచ్చు. బయటకు వచ్చేముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: రాసిన వాటిలో ఏది ఈ నెలకు మాత్రమే, ఏది ఏడాది పాటు, మొదటి పది రోజుల్లో ఏ ఇబ్బందులు రావచ్చు, మళ్ళీ ఏ తేదీన రావాలి. జవాబులను చీటీ వెనుకనే రాయించుకుంటే, ఇంటికి వచ్చాక మందులు చూసుకునే భార్యకో కొడుక్కో కూడా తెలుస్తుంది.